పశువుల ఎద వెనుక మెదడు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఉంటూ, గేదెల్లోనూ గొర్రెల్లోనూ పునరుత్పత్తి హార్మోన్లను మెదడు ఎలా అదుపు చేస్తుందన్న విషయం మీద కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. చేవెళ్ల, శంషాబాద్ వైపు పాడి రైతులు, రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివే విద్యార్థులు, పొద్దున్నే పాలు పోయించుకునే మా వీధివారు అడిగే ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తాయి కనుక, వాటికి జవాబులను ఇక్కడ రాసిపెడుతున్నాను. మా వైపు బర్రె అనేదానినే గేదె అని రాశాను. పశువు గర్భం ధరించడానికి సిద్ధమయ్యే కాలాన్ని ఎద అని, గర్భాన్ని చూడి అని, గర్భం నిలవడాన్ని కట్టడం అని రాశాను.

గేదె ఎదకు రాకపోతే గర్భసంచిని చూడాలి గానీ మెదడుతో ఏం పని?

పని మొదలయ్యేదే అక్కడ. మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అక్కడి కొన్ని నాడీకణాలు జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. పది అమైనో ఆమ్లాలు గొలుసుకట్టిన చిన్న అణువు అది. అది సన్నని రక్తనాళాల గుండా దిగువనే వేలాడే పీయూష గ్రంథిని చేరగానే, ఆ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అండాశయంలో అండపుటికలను, అంటే అండం పెరిగే చిన్న నీటి సంచులను పెంచుతుంది. ఎల్‌హెచ్ వాటిని పక్వానికి తెచ్చి, చివరకు ఒక్కసారిగా ఉప్పొంగి అండాన్ని విడుదల చేయిస్తుంది. పెరిగిన అండపుటిక నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తిరిగి మెదడును చేరి, అరవడం, తీగలు వేయడం, మేత తగ్గించడం వంటి ఎద లక్షణాలను పుట్టిస్తుంది.

అయిదు వందల కిలోల గేదెలో ఈ వ్యవహారమంతా నడిపే జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు కొన్ని వేలకు మించవు. పిండదశలో అవి ముక్కు ప్రాంతంలో పుట్టి, అక్కడి నుంచి మెదడులోకి నడుచుకుంటూ వెళ్లి స్థిరపడతాయని చెబితే మొదటిసారి విన్న విద్యార్థులు నమ్మరు. కానీ అది నిజం.

అందువల్ల, అండాశయం చేతికి చిన్నగా, నున్నగా తగిలిందని వైద్యుడు చెప్పినప్పుడు, చాలాసార్లు లోపం ఆ అండాశయంలో ఉండదు. పైనుంచి రావలసిన పిలుపు రాలేదు, అంతే. గర్భసంచిలో చీము, వాపు లేవని ముందుగా తేల్చుకోవలసిందే. అయితే అవి లేవని తేలాక కూడా గర్భసంచినే అనుమానిస్తూ కూర్చోవడం వల్ల ప్రయోజనం లేదు.

ఈ సంగతి ఎవరు కనుగొన్నారు?

పీయూష గ్రంథికి మెదడు రక్తనాళాల ద్వారా రసాయన సందేశాలు పంపుతుందని బ్రిటన్ శాస్త్రజ్ఞుడు జెఫ్రీ హ్యారిస్ గట్టిగా వాదించాడు. 1952లో డోరా జేకబ్‌సన్‌తో కలిసి చేసిన ప్రయోగంలో, ఎలుకల పీయూష గ్రంథిని తీసి హైపోథాలమస్ కిందనే అతికిస్తే అది మళ్లీ పనిచేసిందని, వేరే చోట అతికిస్తే పనిచేయలేదని చూపాడు. ఆ సందేశం ఏమిటో తేల్చడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. అమెరికాలో ఆండ్రూ షాలీ బృందం పందుల నుంచి, రోజర్ గిలెమిన్ బృందం గొర్రెల నుంచి హైపోథాలమస్‌లను సేకరిస్తూ పోటీపడ్డాయి. కబేళాల నుంచి తెచ్చిన లక్షన్నరకు పైగా పంది హైపోథాలమస్‌లను వడగడితే షాలీకి దక్కిన శుద్ధ హార్మోన్ ఒక మిల్లీగ్రాముకు కూడా చేరలేదు. 1971లో దాని నిర్మాణం తెలిసింది. 1977లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. రక్తంలో అతి స్వల్పంగా ఉండే హార్మోన్లను కొలిచే రేడియో ఇమ్యునో అస్సే పద్ధతిని రూపొందించినందుకు రోజలిన్ యాలో కూడా ఆ ఏడాదే ఆ బహుమతిని పంచుకున్నారు. ఇవాళ మనుషుల సంతానలేమి చికిత్సలో వాడే మందుల్లో కొన్నింటికి మూలం ఆ పందుల, గొర్రెల మెదళ్లే. పశువుల మీద పరిశోధన పశువులకే పరిమితమని అనుకునేవారికి ఈ మాట చెబుతుంటాను.

జీఎన్‌ఆర్‌హెచ్ ఎడతెగకుండా ఎందుకు రాదు? ఆగి ఆగి ఎందుకు వస్తుంది?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. నిజానికి ఈ విషయమంతటికీ కీలకం ఇదే. 1978లో ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతుల మీద ఒక ప్రయోగం చేసింది. సొంత జీఎన్‌ఆర్‌హెచ్ లేకుండా చేసిన ఆ కోతులకు గంటకొకసారి కొద్ది కొద్దిగా హార్మోన్ ఎక్కిస్తే పీయూష గ్రంథి చక్కగా పనిచేసింది. అదే హార్మోన్‌ను విరామం లేకుండా ఎక్కిస్తే ఎల్‌హెచ్ పెరగకపోగా పడిపోయింది. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడని మనవాళ్లు అన్నట్టే, ఎప్పుడూ వినిపించే సందేశాన్ని పీయూష గ్రంథి పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే పశువులో చూడవలసింది హార్మోన్ ఎంత వచ్చిందన్నది మాత్రమే కాదు, ఎన్ని నిమిషాలకొకసారి వచ్చిందన్నది కూడా.

1982లో ఆస్ట్రేలియాలో ఇయాన్ క్లార్క్, జేమ్స్ కమిన్స్ మెలకువగా ఉన్న గొర్రె హైపోథాలమస్ నుంచి పీయూష గ్రంథికి పారే రక్తాన్నే సేకరించి, ప్రతి ఎల్‌హెచ్ అలకూ ముందు ఒక జీఎన్‌ఆర్‌హెచ్ అల ఉన్నదని నేరుగా చూపారు. హార్మోన్ ఒక్కో విడతగా వచ్చి తగ్గడాన్నే అల అంటున్నాను. ఆవులో అండం విడుదలకు దగ్గరపడిన రోజుల్లో ఈ అలలు దాదాపు గంటకొకటి చొప్పున వస్తాయి. అండం విడుదలైన చోట అండాశయంలో ఏర్పడే కార్పస్ లూటియం ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌ను వదులుతున్న రోజుల్లో మూడు నాలుగు గంటలకొకటి మాత్రమే వస్తాయి. గంటకొకటి రావలసినది నాలుగు గంటలకొకటి వస్తే అండపుటిక కొంతవరకు పెరిగి కరిగిపోతుంది, మళ్లీ ఇంకొకటి పెరుగుతుంది, అదీ కరిగిపోతుంది. రైతుకు కనిపించేది మాత్రం ఎదకు రాని పశువు.

విద్యార్థిగా ఉన్నప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. రాత్రంతా కొట్టంలో కూర్చుని గేదె రక్తాన్ని గంటకొకసారి తీసి, గీత దాదాపు సమంగా వచ్చిందని, ఆ గేదెలో అలలే లేవని రాసుకున్నాను. అల లేచి పడడానికి గంట అక్కరలేదు కనుక నా నమూనాల మధ్యలోనుంచి అది తప్పించుకుపోయింది. ఇప్పుడు పది లేక పదిహేను నిమిషాలకొకసారి, ఆరేడు గంటలపాటు తీయకుండా అలల గురించి ఒక్క మాట కూడా రాయను.

బయట మేత ఉందో లేదో, ఎండగా ఉందో చల్లగా ఉందో ఆ కణాలకు ఎలా తెలుస్తుంది?

నేరుగా తెలియదు. జీఎన్‌ఆర్‌హెచ్ కణాలకు ఈస్ట్రోజన్‌ను గుర్తించే ప్రధాన గ్రాహకం గానీ, కొవ్వు కబురు తెచ్చే లెప్టిన్‌ను గుర్తించే గ్రాహకం గానీ లేవు. అలాంటప్పుడు అవి దేన్ని విని నిర్ణయిస్తాయన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండిపోయింది.

ఆ ముడి విప్పిన అణువు పేరు కిస్‌పెప్టిన్. దాని జన్యువును 1996లో అమెరికాలోని హెర్షీ పట్టణంలో, క్యాన్సర్ వ్యాప్తిని అణచే జన్యువుగా గుర్తించి, ఆ ఊరికి పేరు తెచ్చిన ‘కిస్’ చాక్లెట్ మీదుగా కిస్ అని పేరు పెట్టారు. 2003లో రెండు వేర్వేరు బృందాలు, యుక్తవయసు రాని కొందరు మనుషుల్లో ఈ అణువును అందుకునే గ్రాహకం చెడిపోయి ఉందని కనుగొన్నాయి. ఆ తరువాత గొర్రెలే ముందుకు వచ్చాయి: హైపోథాలమస్‌లోని ఆర్క్యుయేట్ కేంద్రకం అనే నాడీకణాల గుంపులో ఒకే నాడీకణం కిస్‌పెప్టిన్, న్యూరోకైనిన్ బి, డైనార్ఫిన్ అనే మూడింటినీ తయారుచేస్తుందని 2007లో గొర్రెలో చూపారు. న్యూరోకైనిన్ అలను మొదలుపెడుతుంది, డైనార్ఫిన్ దాన్ని ఆపుతుంది, కిస్‌పెప్టిన్ ఆ సంగతిని జీఎన్‌ఆర్‌హెచ్ కణానికి చేరవేస్తుంది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు ఈ కణాల్లో ఉన్నాయి. ఒంట్లోని కొవ్వు, మేత కబుర్లు కూడా చాలావరకు వీటి గుండానే, వీటి పక్కనున్న ఆకలి కణాల గుండానే చేరుతాయి. ఊరి సంగతులన్నీ విని పెద్దమనిషి చెవిన వేసే మధ్యవర్తులు ఇవే.

ఈనిన తరువాత నెలలు గడిచినా గేదె ఎదకు రావడం లేదు. కారణం మేతేనా?

ఎక్కువగా అదే, కానీ ఒక్కటే కాదు. ఈనడానికి ముందు వారాల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉండడం వల్ల పీయూష గ్రంథిలో ఎల్‌హెచ్ నిల్వలు దాదాపు ఖాళీ అవుతాయి. ఆవుల్లో అవి మళ్లీ నిండడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ వ్యవధిని ఏ ఇంజక్షనూ తగ్గించలేదు. ఆ తరువాత ప్రశ్న అలల వేగానిది. పాలు పెరుగుతూ, మేత సరిపోక, పశువు తన ఒంటి కొవ్వును కరిగించి పాలలో పోస్తున్నప్పుడు లెప్టిన్, ఇన్సులిన్ తగ్గుతాయి, ఆకలిని పుట్టించే కణాలు చురుగ్గా ఉంటాయి, అలలు నెమ్మదిస్తాయి. పక్కటెముకలు, తుంటి ఎముకలు తేలిన పశువు ఎదకు రాలేదంటే దాని మెదడు చెడిపోలేదు. ఇప్పుడు ఇంకొక చూడిని మోయలేనని సరిగానే లెక్కవేసుకుంది.

అందుకే ఈనిన తరువాత మేపడం కంటే ఈనడానికి ముందు రెండు నెలలు, అంటే వట్టిపోయి ఉన్నప్పుడు బాగా మేపడం మేలని రైతులకు చెబుతాను. ఆ రెండు నెలల్లో పాలు రావు కనుక దాణా దండగ అనుకోవడం మన దగ్గర మామూలు. ఈనిన తరువాత పోయే నెలల ఖర్చు ఆ దాణా ఖర్చు కంటే ఎక్కువని లెక్క రాసి చూపించినా కొందరు ఒప్పుకోరు.

దూడ తాగుతూ ఉంటే ఎద ఆలస్యమవుతుందంటారు, నిజమేనా?

నిజమే, కానీ కారణం చాలామంది అనుకునేది కాదు. పొదుగును తాకడం వల్లనే మెదడు ఆగుతుందని మొదట భావించారు. పొదుగు నరాలను కోసేసిన ఆవుల్లో కూడా దూడ తాగుతుంటే ఎద ఆలస్యమైంది. పరాయి దూడలు తాగిన ఆవుల్లో మాత్రం ఆ అడ్డు కనిపించలేదు. అంటే తన దూడ తన దగ్గరే ఉందన్న సంగతిని తల్లి చూపుతోనూ వాసనతోనూ గుర్తుపడితేనే ఎల్‌హెచ్ అలలు తగ్గుతున్నాయి. ఒంట్లోనే పుట్టే నల్లమందు వంటి పదార్థాలు ఇందులో పాలుపంచుకుంటాయి; వాటిని అడ్డుకునే నాలక్సోన్ ఇస్తే ఎల్‌హెచ్ పెరుగుతుంది. తల్లీబిడ్డల బంధం అనే మాటను హార్మోన్ల గీతగా కాగితం మీద చూడగలగడం ఈ శాస్త్రంలో నాకు ఎంతో ఇష్టమైన భాగం. రైతు చేయగలిగినది మాత్రం చిన్నదే: దూడ కడుపు మాడ్చకుండా, తల్లి దగ్గరకు రోజుకు రెండుసార్లు మాత్రమే వదలడం.

వేసవిలో గేదెలు ఎందుకు ఎదకు రావు?

గేదె చర్మం నల్లనిది, చెమట గ్రంథులు ఆవుతో పోలిస్తే చాలా తక్కువ, కనుక ఎండ వేడి ఒంట్లోనే నిలుస్తుంది. వేసవిలో గేదె రక్తంలో పాల ఉత్పత్తికి తోడ్పడే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ బాగా పెరుగుతుంది, ప్రొజెస్టెరాన్ తగ్గుతుంది, ఎద లక్షణాలు మరీ మందగిస్తాయి. వచ్చే కాసిన్ని లక్షణాలు కూడా రాత్రి చల్లబడ్డాక వస్తాయి కనుక ఎవరికీ కనిపించవు. పొద్దెక్కాక చూసి ఎద లేదని తేల్చేయడం సరికాదు. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి కొట్టం వైపు వెళ్లి చూడాలి.

ఎండతో పాటు పగటి నిడివి కూడా లెక్కలోకి వస్తుంది. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. రాత్రి ఎంత పొడవైతే అది అంతసేపు ఉంటుంది, దాన్నిబట్టే మెదడుకు కాలం తెలుస్తుంది. గేదెలు రాత్రులు పొడవుగా ఉండే కాలంలో, అంటే సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగా కట్టుతాయి. దీపావళి వెళ్లగానే నారాయణగూడలో సదర్ పండుగ నాడు దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే కాలమూ సరిగ్గా అదే కావడం యాదృచ్ఛికమో, పశువులను తరతరాలుగా చూసినవారి ఎరుకో చెప్పలేను.

అయితే పగటి నిడివి ప్రభావాన్ని మన దగ్గర అతిగా ఊహించుకోకూడదు. లండన్‌లో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా దాదాపు తొమ్మిది గంటలు. హైదరాబాద్‌లో సుమారు రెండు గంటలే. యూరప్ గొర్రెలకు చెవి వెనుక 18 మిల్లీగ్రాముల మెలటోనిన్ బిళ్లను పెట్టి ఎదను ముందుకు తెస్తారు. మన దక్కనీ, నెల్లూరు గొర్రెలు వెలుతురు కంటే వానలను, పచ్చిమేతను ఎక్కువగా అనుసరిస్తాయి.

మూగ ఎద అంటే ఏమిటి?

అండం విడుదలవుతుంది, కానీ పైకి లక్షణాలు కనిపించవు. ఈనిన తరువాత వచ్చే మొదటి ఎద తరచుగా ఇలాంటిదే. ఎద ప్రవర్తన బయటపడాలంటే అంతకు ముందు కొన్ని రోజులు మెదడు మీద ప్రొజెస్టెరాన్ ప్రభావం ఉండాలి. మొదటిసారి అది ఉండదు.

పొట్టేలును మందలోకి వదిలితే గొర్రెలు ఒకేసారి ఎదకు వస్తాయని కాపరులు చెబుతారు. ఇందులో శాస్త్రం ఉందా?

ఉంది. కొంతకాలం మగవాటికి దూరంగా ఉంచిన గొర్రెల మధ్యకు కొత్త పొట్టేలును తెస్తే, దాని వాసన తగిలిన నిమిషాల్లోనే ఎల్‌హెచ్ అలలు వేగం పుంజుకుంటాయి. రెండు మూడు రోజుల్లో చాలావాటిలో అండం విడుదలవుతుంది. 2019 పశుగణనలో కోటీ తొంభై లక్షలకు పైగా గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో ఉన్న తెలంగాణలో, పైసా ఖర్చు లేని ఈ పద్ధతికి ఇంజక్షన్ల కంటే ముందు చోటివ్వాలన్నది నా అభిప్రాయం. పొట్టేళ్లను ఏడాదంతా మందలోనే తిప్పితే ఈ ప్రభావం ఉండదు.

హార్మోన్ ఇంజక్షన్లు వేయించినా గేదె కట్టలేదు. ఎందుకు?

ఎక్కువగా వాడే పద్ధతి 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఓవ్‌సింక్. మొదట జీఎన్‌ఆర్‌హెచ్, ఏడు రోజులకు కార్పస్ లూటియాన్ని కరిగించే ప్రోస్టాగ్లాండిన్, మరో రెండు రోజులకు మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చి, ఆ తరువాత 16 నుంచి 20 గంటలకు ఎద కనిపించినా కనిపించకపోయినా వీర్యదానం చేస్తారు. వాడే జీఎన్‌ఆర్‌హెచ్ మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది.

ఈ పద్ధతి ఎద తిరుగుతున్న పశువుకు బాగా పనికొస్తుంది. జీఎన్‌ఆర్‌హెచ్ ఇంజక్షన్ ఒక్కసారి ఎల్‌హెచ్‌ను ఉప్పొంగిస్తుంది. దానికి స్పందించేంత ఎదిగిన అండపుటిక అప్పటికే ఉండాలి. ప్రోస్టాగ్లాండిన్ కరిగించడానికి కార్పస్ లూటియం ఉండాలి. అలలు మందగించి అండాశయం నిద్రపోతున్న పశువులో ఈ రెండూ ఉండవు. గంటకొకసారి రావలసిన పిలుపుకు బదులు తొమ్మిది రోజుల్లో రెండుసార్లు పిలిస్తే అది ఎలా లేస్తుంది? అలాంటి పశువుకు యోనిలో ప్రొజెస్టెరాన్ పరికరాన్ని వారం రోజులు ఉంచి తీసే పద్ధతి కొంత మేలు, ఎందుకంటే ఈస్ట్రోజన్‌కు స్పందించేలా మెదడును అది సిద్ధం చేస్తుంది. అప్పుడు కూడా మేత, నీడ, నీళ్లు లేకపోతే వచ్చిన ఎద ఒక్కసారికే ఆగిపోతుంది. దున్న ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, పశువును పరీక్షించకుండా ఇంజక్షన్ రాసేవారిని, అడిగి మరీ వేయించుకునేవారిని చూసి నాకు విసుగు వస్తుంది.

ఇవీ, పాలు సేపడానికి వేసే ఇంజక్షనూ ఒకటేనా? ఆ పాలు తాగవచ్చా?

ఒకటి కావు. పాలు సేపడానికి దొంగచాటుగా వేసేది ఆక్సిటోసిన్. అది కూడా హైపోథాలమస్‌లోనే పుడుతుంది, కానీ వేరే కణాల్లో పుట్టి, పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి విడుదలవుతుంది. దానికి అండపుటికలను పెంచే పని లేదు. రోజూ ఆ ఇంజక్షన్‌కు అలవాటు చేస్తే పశువు అది లేకుండా పాలు సేపదు. పశువు ఆరోగ్యానికి హాని కలిగేలా పాల కోసం ఇంజక్షన్లు వేయడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం.

ఇక జీఎన్‌ఆర్‌హెచ్ విషయానికొస్తే, అది రక్తంలో కొన్ని నిమిషాల్లోనే విరిగిపోతుంది. ఒకవేళ ఆనవాలు పాలలోకి వచ్చినా మన కడుపులో మిగతా మాంసకృత్తుల మాదిరిగానే జీర్ణమైపోతుంది. చాలా దేశాల్లో దాన్ని వాడిన పశువు పాలను ఆపి ఉంచవలసిన గడువేమీ విధించలేదు.

ఎలుకల్లో ఇదంతా తెలిసిపోయింది కదా, మళ్లీ గేదెల్లో ఎందుకు?

ఎలుకలో అండం విడుదలకు ముందు వచ్చే పెద్ద ఎల్‌హెచ్ పొంగును నడిపే కిస్‌పెప్టిన్ కణాలు హైపోథాలమస్ ముందు భాగంలో ఉంటాయి. గొర్రెలో ఆర్క్యుయేట్ కేంద్రక కణాలకు కూడా ఆ పనిలో ముఖ్యమైన పాత్ర ఉంది. ఎలుకను చూసి గొర్రెను ఊహిస్తేనే ఇంత తేడా వస్తున్నప్పుడు, గొర్రెను చూసి గేదెను ఊహించడం ఎంతవరకు సబబు? దేశంలో సుమారు 11 కోట్ల గేదెలున్నాయి. వాటి మెదడు గురించిన పని మనం చేయకపోతే ఇంకెవరూ చేయరు.

కిస్‌పెప్టిన్‌నే ఇంజక్షన్‌గా ఇవ్వకూడదా?

2007లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు ఎద కాలం కాని రోజుల్లో గొర్రెలకు కిస్‌పెప్టిన్‌ను రెండు రోజులపాటు సన్నగా ఎక్కిస్తే చాలావాటిలో అండం విడుదలైంది. కానీ అది నిమిషాల్లో విరిగిపోతుంది. కొట్టంలో గేదెకు రెండు రోజులు సెలైన్ సీసా కట్టి ఉంచడం ఎవరివల్ల అవుతుంది? ఎక్కువసేపు నిలిచే రూపాల కోసం ప్రయత్నాలు సాగుతున్నాయి.

ఈ వ్యవస్థను ఆపడానికి కూడా వాడవచ్చా?

వాడుతున్నారు. జీఎన్‌ఆర్‌హెచ్‌కు వ్యతిరేకంగా టీకా వేస్తే పశువు ఒళ్లే ఆ హార్మోన్‌ను అడ్డుకుంటుంది. మగ పందుల్లో కోత లేకుండా వృషణాల పనిని ఆపడానికి ఇది కొన్ని దేశాల్లో వాడుకలో ఉంది.

మీ ప్రయోగాల్లో పశువులు బాధపడవా?

మెడ నరంలో సన్నని గొట్టం ఒకసారి అమరుస్తాం. తరువాత ప్రతిసారీ సూది గుచ్చే పని ఉండదు. జంతు నైతిక సంఘం అనుమతి లేకుండా ఏ పనీ మొదలుపెట్టం. బెదిరిన పశువులో ఒత్తిడి హార్మోన్లు పెరిగి ఎల్‌హెచ్ అలలను చెరిపేస్తాయి కనుక, గేదె నెమరు వేస్తూ పడుకోకపోతే ఆ రోజు తీసిన లెక్కలు మాకే పనికిరావు.

మా గేదె రక్తం తెస్తే దాని మెదడు పనిచేస్తోందో లేదో చెబుతారా?

ఒక్క నమూనాతో అలల సంగతి చెప్పడం కుదరదు. కానీ పది రోజుల తేడాతో తీసిన రెండు నమూనాల్లో ప్రొజెస్టెరాన్‌ను కొలిస్తే రైతుకు కావలసిన జవాబు చాలావరకు దొరుకుతుంది. రెండింటిలోనూ తక్కువగా ఉంటే అండాశయం నిజంగానే నిద్రలో ఉంది, మేత నుంచి మొదలుపెట్టాలి. ఏ ఒక్కదానిలోనైనా ఎక్కువగా ఉంటే, చూడి కట్టలేదని వైద్యుడు తేల్చాక, గేదె ఎదకు వస్తూనే ఉందనీ మనమే చూడలేదనీ అర్థం. నమూనాతో పాటు ఈనిన తేదీ, రోజుకు ఇచ్చే పాలు, వేసే దాణా, దూడ బతికి ఉందా లేదా అన్నవి ఒక చీటీ మీద రాసి తీసుకురండి.